గాలి పోని ఆ రంధ్రాలు ఎందుకు? మోటార్‌సైకిల్ డిజైనర్లకు బహిరంగ లేఖ

మోటార్‌సైకిళ్లకు రూపం గీసే డిజైనర్లకు, ఆ గీతలకు చివరి సంతకం పెట్టే పెద్దలకు,

నమస్కారం.

తొమ్మిదేళ్లుగా నేను ఒకే బండి నడుపుతున్నాను. దాని కొత్త మోడల్ వస్తోందని తెలిసిన రోజు నుంచి ఎదురుచూశాను. పాతదాన్ని అమ్మకుండానే కొత్తదీ కొనాలని కొంచెం కొంచెంగా డబ్బు కూడబెట్టాను. ఇంజిన్ మెరుగైంది అన్నారు, సస్పెన్షన్ మారింది అన్నారు, బరువు తగ్గింది అన్నారు. అన్నీ నిజమే. కానీ మీరు ముసుగు తీసిన రోజు, ఫోన్‌లో మొదటి ఫొటో చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. పాత బండికి గుండ్రటి నిండు హెడ్‌లైట్ ఉండేది. ఆ చోట ఇప్పుడు రెండు సన్నటి వెలుగు గీతలు, వాటి కింద గోళీకాయంత లైటు, పైన దేనికీ అతకని ఒక ప్లాస్టిక్ నుదురు. టాంక్‌కు అటూ ఇటూ ఏనుగు చెవుల్లాంటి రెక్కలు. వెనక తోక ఆకాశంలోకి లేచిపోయింది, నంబర్ ప్లేటు మాత్రం ఎక్కడో కింద చక్రం దగ్గర వేలాడుతోంది.

నాతో కలిసి రైడ్లకు వచ్చేవాళ్లకు ఆ ఫొటో పంపాను. అందరిదీ అదే బాధ. ఇరవై ఏళ్లుగా మీ బండ్లు తప్ప వేరేవి ఎక్కని ఒక పెద్దాయన, "మనవాళ్లేనా ఇది చేసింది?" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. ఆయన "మనవాళ్లు" అన్నారు, కాస్త గమనించండి. ఏ సంబంధమూ లేని వస్తువు బాగోకపోతే ఎవరూ పట్టించుకోరు, పక్కకు తప్పుకుని వెళ్లిపోతారు. మాకు ఇంత కోపం వచ్చింది అంటే ఆ బండిని ఇంట్లో మనిషిలా చూసుకున్నాం కాబట్టే.

ఏ కంపెనీ అన్నది నేను రాయను. ఈ రోజు ఒకరు చేశారు, నిన్న ఇంకొకరు చేశారు, రేపు మరొకరు చేస్తారు. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ.

ఇలాంటి గొడవ జరిగిన ప్రతిసారీ మీ వైపు నుంచి వచ్చే జవాబు ఒకటే. కొత్తదనం అలవాటు కావడానికి టైమ్ పడుతుంది, కొన్నాళ్లు పోతే మీకే నచ్చుతుంది అంటారు. ఈ మాటను కొట్టిపారేయలేను. ఎందుకంటే ఇది నిజమైన సందర్భాలు ఉన్నాయి.

1980లో జర్మనీలోని కొలోన్ బండ్ల ప్రదర్శనలో సుజుకి కటానాను చూపించినప్పుడు జనం రెండు వర్గాలుగా చీలిపోయారు. టార్గెట్ డిజైన్ అనే హాన్స్ మూత్ బృందం గీసిన బండి అది. కత్తి మొనలా ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, అక్కడి నుంచి టాంక్ మీదుగా సీటు దాకా ఒకే కోత. ఇది రోడ్డు మీదకు వచ్చే బండేనా అని నవ్వినవాళ్లు ఉన్నారు. మరుసటి ఏడాదే అది మార్కెట్లోకి వచ్చింది, చివరి విడత 2000లో తయారైంది, 2019లో సుజుకి అదే పేరుతో, అదే ముక్కును గుర్తు చేసే రూపంతో మళ్లీ ఒక బండి తెచ్చింది. నవ్వినవాళ్లదే తప్పని కాలం తేల్చింది.

మట్టి దారుల్లోనూ దూర ప్రయాణాలు చేసే అడ్వెంచర్ బండ్ల ముక్కు సంగతీ అంతే. 1988లో సుజుకి డీఆర్ బిగ్‌కు హెడ్‌లైట్ కింద పక్షి ముక్కులాంటి భాగం పెట్టింది. తొంభైల్లో బీఎమ్‌డబ్ల్యూ తన ఆర్ 1100 జీఎస్‌కూ ముక్కు పెట్టింది. నేను మొదటిసారి చూసినప్పుడు బాతు ముక్కు అన్నాను. ఇవాళ ముక్కు లేని అడ్వెంచర్ బండి ఎదురైతే ఏదో బోసిగా ఉందే అనిపిస్తుంది. నా కన్నే మారిపోయింది, ఒప్పుకుంటాను.

అయితే మీరు ఎప్పుడూ కటానా పేరే చెబుతారు. డుకాటి 999 పేరు చెప్పరు. నేను చెబుతాను, ఎందుకంటే మీకు ఉపయోగపడే కథ అందులోనే ఉంది.

మాసిమో టాంబురీని గీసిన డుకాటి 916 మార్కెట్లోకి వచ్చింది 1994లో. పక్కపక్కనే రెండు సన్నటి హెడ్‌లైట్లు, సీటు కింద నుంచి బయటికి వచ్చే రెండు సైలెన్సర్లు, వెనక చక్రాన్ని ఒక్క వైపు నుంచే పట్టుకునే స్వింగార్మ్. బండి ఆగి ఉన్నా పరుగెడుతున్నట్టే ఉండేది. ఎడమ వైపు చెయ్యి మీదే చక్రం నిలబడి ఉంటే, కుడి వైపు నుంచి చూసినప్పుడు ఆ చక్రం మొత్తం ఏ అడ్డూ లేకుండా కనబడేది. అదే రూపాన్ని 996, 998 పేర్లతో దాదాపు పదేళ్లు కొనసాగించారు. ఆ తర్వాత 2003 మోడల్‌గా 999 వచ్చింది. పియెర్ టెర్‌బ్లాంచ్ డిజైన్. హెడ్‌లైట్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా ఎక్కాయి. స్వింగార్మ్ రెండు చేతులది అయింది. వెనక సైలెన్సర్ పెట్టెలా తయారైంది. జనం గొల్లుమన్నారు.

గమనించాల్సింది ఏమిటంటే 999 చెడ్డ బండి కాదు. వరల్డ్ సూపర్‌బైక్ రేసుల్లో 2003లో నీల్ హాడ్జ్‌సన్, 2004లో జేమ్స్ టోస్‌లాండ్, 2006లో ట్రాయ్ బేలిస్ దాని మీదే చాంపియన్లయ్యారు. రైడర్ ఎత్తును బట్టి కూర్చునే తీరు సర్దుకునే వీలు కూడా అందులో ఉండేది, పాత 916లో అంత సదుపాయం లేదు. అయినా మనసులు కరగలేదు. 2007కి డుకాటి 1098 తెచ్చింది. హెడ్‌లైట్లు మళ్లీ పక్కపక్కకు వచ్చాయి, ఒంటి చేతి స్వింగార్మ్ తిరిగొచ్చింది, రెండు సైలెన్సర్లు సీటు కింద మళ్లీ కనబడ్డాయి. అంటే నాలుగేళ్లు జనం మొత్తుకున్నది వాళ్లు విన్నారు. ఇప్పుడు 999ని ఇష్టపడేవాళ్లు పెరిగారు, నాకూ దాని మీద కొంత ప్రేమ ఉంది. కానీ అలవాటు పడ్డ కన్నే 916ను చూసినప్పుడు ఇప్పటికీ ఆగిపోతుంది. ఆ తేడా పోలేదు.

999 విషయంలో పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు తోచింది చెబుతాను. అందులో ప్రతి మార్పుకీ ఒక కారణం ఉంది. కానీ జనం ప్రేమించిన గుర్తులన్నిటినీ ఒకే రోజు తీసేశారు. ముఖం, చెయ్యి, తోక, మూడూ పోయాయి. ఒకటి ఉంచి రెండు మార్చి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదేమో. బిడ్డకు ఎన్ని కొత్త పోలికలు వచ్చినా ఫర్వాలేదు, ఎక్కడో ఒకచోట తల్లి కనబడాలి కదా.

2021లో డుకాటి మాన్‌స్టర్ నుంచి ట్రెలిస్ ఫ్రేమ్ తీసేసినప్పుడు కూడా ఇలాగే అభిమానులు బాధపడ్డారు. గొట్టాలను అల్లినట్టు ఉండే ఆ ఫ్రేమే మాన్‌స్టర్ గుర్తు అని 1990ల నుంచి అందరికీ తెలుసు. నాకు ఆ మార్పు ఇప్పటికీ నచ్చలేదు. కానీ కోపం లేదు. అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉంది: కొత్త మాన్‌స్టర్ తన ముందరి 821 కంటే 18 కిలోలు తేలిక. అందులో కొంత ఆ ఫ్రేమ్ మార్చడం వల్లే తగ్గింది. మలుపులో బండిని వంచినప్పుడు ఆ 18 కిలోలు చేతికి తెలుస్తాయి. నేను పోగొట్టుకున్నదానికి బదులుగా ఏదో ఇచ్చారు.

మరి మీ కొత్త బండిలో నేను పోగొట్టుకున్నదానికి బదులు ఏమిచ్చారు?

మా బృందంలో ఒక కుర్రాడు ఆ బండి కొన్నాడు. పోయిన నెల వాన రైడ్ అయ్యాక ఇద్దరం కలిసి కడిగాం. ఒక పూటంతా దాని పక్కన కూర్చున్నాను కాబట్టి ఇది ఫొటో చూసి అంటున్న మాట కాదు. టాంక్ పక్కన ఉన్న ఆ పెద్ద రెక్క మీద మూడు గాలి రంధ్రాలు ఉన్నాయి, వాలుగా, ఒకదాని వెనక ఒకటి. బురద తీద్దామని బట్ట చుట్టిన వేలు పెట్టాను. గోరు దాటి లోపలికి పోలేదు. రంధ్రం వెనక నల్ల ప్లాస్టిక్ గోడ. ఆ గోడ మీద జాలీలా కనబడేటట్టు గళ్లు అచ్చు పోశారు. దాంట్లో నీళ్లు నిలబడ్డాయి, బురద గళ్లలో ఇరుక్కుంది. చివరికి ఇయర్‌బడ్స్ తెచ్చి ఒక్కో గడీ శుభ్రం చేశాం. మూడు రంధ్రాలు, రెండు వైపులా కలిపి ఆరు. ఒక్కదాంట్లోంచి కూడా గాలి పోదు.

బురద లోపలికి ఎంత వెళ్లిందో చూద్దామని రెక్క విప్పాం. నాలుగు స్క్రూలు, రెండు ప్లాస్టిక్ క్లిప్పులు. చేతిలోకి తీసుకుంటే డొల్లగా, అట్టముక్కలా ఉంది. అది పక్కన పెట్టి తల ఎత్తి చూస్తే, అప్పుడు కనబడింది అసలు బండి. రేడియేటర్ పక్కన పొందిగ్గా వంగిన పైపు, ఫ్రేమ్ గొట్టం మీద చేప పొలుసుల్లా వరసగా పడ్డ వెల్డింగ్, దాని వెనక ఇంజిన్ తల మీద సన్నటి రెక్కలు. ఆ కుర్రాడు నోట మాట లేకుండా నిలబడ్డాడు. కాసేపటికి, "అన్నా, ఇది ఇలాగే వదిలేస్తే పోయేది కదా" అన్నాడు.

నేను చెప్పదలుచుకున్నది ఆ కుర్రాడు అన్న మాటే. మీ ఇంజినీర్లు అందమైన బండి చేశారు. మీరు దాన్ని ఏ పనీ చేయని ప్లాస్టిక్‌తో కప్పారు. మోటార్‌సైకిల్ కారు లాంటిది కాదు, దాని పేగులు బయటే ఉంటాయి. ఏ భాగం ఏ పని చేస్తుందో చూస్తేనే తెలుస్తుంది. మేము దాన్ని ప్రేమించేదే అందుకు. ఫోర్కు ఫోర్కులా ఉంటుంది, చైన్ చైన్‌లా ఉంటుంది. అక్కడికి అబద్ధపు రంధ్రం ఒకటి వచ్చి చేరితే పక్కనున్న నిజమైన భాగాల మీద కూడా నమ్మకం పోతుంది. కటానా ముక్కు వింతగా ఉంది, కానీ అది గాలిని చీల్చుకుపోవడానికి ఉన్న ముక్కు. వింతైనదాన్ని మేము అలవాటు చేసుకోగలం. పనిలేనిదాన్ని ఎన్నేళ్లు చూసినా అలవాటు కాదు, ఎందుకంటే కడిగిన ప్రతిసారీ అది వేలికి తగులుతూనే ఉంటుంది.

ఇప్పుడు హెడ్‌లైట్ సంగతి. ఒకప్పుడు ఫిలమెంట్ బల్బు వెలుగును రోడ్డు మీదకు మళ్లించాలంటే వెనక పెద్ద గిన్నెలాంటి రిఫ్లెక్టర్ కావాల్సి వచ్చేది. అందుకే దీపం పెద్దది, అందుకే బండికి నిండైన ముఖం. ఎల్ఈడీ ప్రొజెక్టర్లు వచ్చాక అంత చోటు అక్కర్లేకుండా పోయింది, గుప్పిట్లో పట్టే లైటు చాలు. ఆ స్వేచ్ఛ మీకు దొరికింది, మంచిదే. కానీ మనిషి కన్ను ఎక్కడైనా ముఖమే వెతుకుతుంది. రెండు చుక్కలు కనబడితే కళ్లు అనుకుంటుంది, కింద గీత ఉంటే నోరు అనుకుంటుంది. పెద్ద దీపం పోయి ఖాళీ అయిన చోటును ఏదో ఒక ప్లాస్టిక్‌తో నింపి, అందులో ఎక్కడో చిన్న కన్ను పెడితే, చూసేవాడికి పురుగు ముఖమో, కోపంగా ఉన్న యంత్రం ముఖమో కనబడుతుంది. 2021 యమహా ఎంటీ-09 ముఖం మీద వచ్చిన విమర్శలు మీకు తెలిసే ఉంటాయి. మధ్యలో ఒక్క ప్రొజెక్టర్, చుట్టూ ఖాళీ. బండి నడకను అందరూ మెచ్చుకున్నారు, ముఖం దగ్గరికి వచ్చేసరికి మొహం చిట్లించారు. 2024 మోడల్‌కు యమహా ముఖం మార్చింది. అలా మార్చుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు, నాకైతే గౌరవం పెరిగింది.

ముఖం ఇలాగే ఉండాలని మేము పట్టుబట్టడం లేదు. బీఎమ్‌డబ్ల్యూ ఎస్ 1000 ఆర్‌ఆర్‌కు మొదట్లో ఒక కన్ను ఒకలా, ఇంకో కన్ను ఇంకోలా ఉండేవి. మొదట చాలామందికి ఎబ్బెట్టుగా అనిపించింది. 2019లో రెండు కళ్లనూ ఒకేలా చేస్తే, పాతదే బాగుందని దిగులుపడ్డవాళ్లు ఎందరో. ట్రయంఫ్ స్పీడ్ ట్రిపుల్ గుండ్రటి జంట లైట్లదీ ఇలాంటి కథే. కిందపడి ఫేరింగ్, అంటే ముందు భాగాన్ని కప్పే తొడుగు, పగిలిపోయిన స్పోర్ట్స్ బండ్లకు కొత్త ఫేరింగ్ కొనే స్తోమత లేక, రెండు గుండ్రటి లైట్లు బిగించుకుని తిరిగిన రైడర్లను చూసి పుట్టిన రూపం అది. మిడిగుడ్ల బండి అన్నారు. 2011లో ఆ గుండ్రటి లైట్లు తీసేస్తే మాత్రం అభిమానులు ఊరుకోలేదు. మేము ఆ మిడిగుడ్లనే ప్రేమించాం, ఎందుకంటే అవి ఎక్కడి నుంచి వచ్చాయో మాకు తెలుసు.

మీ చేతులు కట్టేసే నియమాలు ఉన్నాయని కూడా తెలుసు. యూరో 5 లాంటి కాలుష్య నియమాలకు తగ్గట్టు చేయాలంటే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కాలి, అందుకు అది ఇంజిన్‌కు దగ్గరగా ఉండాలి. అందుకే బండి పొట్ట కింద అంత పెద్ద పెట్టె వచ్చి కూర్చుంది. పెట్రోల్ ఆవిరి పట్టే డబ్బా ఎక్కడో ఒకచోట పెట్టాలి. నంబర్ ప్లేటు ఎంత వాలులో ఉండాలో, ఇండికేటర్లు ఎంత ఎడంగా ఉండాలో లెక్కలు ఉన్నాయి. వీటిలో దేన్నీ తప్పు పట్టను. నేను పీల్చేది కూడా ఆ గాలే, నా వెనక వచ్చేవాడికి నా ఇండికేటర్ కనబడాల్సిందే.

నా బాధ వేరే. మీరు మొదట విడుదల చేసే స్కెచ్‌లలో అద్దాలు ఉండవు. నంబర్ ప్లేటు ఉండదు. ఇండికేటర్లు ఉండవు. వెనక కూర్చునేవాళ్ల ఫుట్‌రెస్ట్ ఉండదు. చక్రాలు మామూలు కంటే పెద్దగా, సీటు బ్లేడులా సన్నగా గీస్తారు. ఆ బొమ్మ నిజంగానే బాగుంటుంది. తర్వాత నియమాలు చూసేవాళ్లు వచ్చి, అద్దాలు ఇక్కడ, ప్లేటు అక్కడ అని ఒక్కొక్కటీ తగిలిస్తారు. అందుకే ఆ తోక కింద అంత పొడుగు ప్లాస్టిక్ కొమ్మ వేలాడుతుంది. దాన్ని ఎవరూ గీయలేదు, ఎక్కడా ఇమడక చివర్లో వచ్చి అంటుకుంది. కొన్న వారంలోనే చాలామంది రైడర్లు దాన్ని కోసేసి పొట్టిది బిగించుకుంటారని మీకు తెలియదా? కొన్నిచోట్ల అది చట్టానికి విరుద్ధం అవుతుంది కూడా. అవి ఎలాగూ తప్పవని తెలిసినప్పుడు మొదటి గీతలోనే ఎందుకు గీయరు?

మావాళ్ల తప్పు కూడా ఒకటి చెప్పాలి. మాలో కొందరు హద్దు దాటి మాట్లాడుతున్నారు. బండి బాగోలేదు అనడం వేరు, గీసినవాళ్లను పనికిరానివాళ్లు అనడం వేరు. అంతకంటే దారుణం, ఆ బండి కొన్నవాళ్లను ఎగతాళి చేయడం. పైన చెప్పిన కుర్రాడు మొదటి రైడ్‌కు వచ్చిన రోజున, ఆగిన ప్రతి చోటా ఎవరో ఒకరు ఏదో ఒకటి అన్నారు. అతను నవ్వుతూనే ఉన్నాడు గానీ, మధ్యాహ్నం తర్వాత బండిని మా అందరి బండ్లకు దూరంగా ఆపుకోవడం చూశాను. తన కష్టార్జితంతో కొనుక్కున్న మొదటి పెద్ద బండి అది. ఆ రోజు నేనూ ఒక మాట అన్నాను. తర్వాత క్షమించమని అడిగాను. తోటి రైడర్లారా, మన కోపం గీత మీద ఉండాలి, మనిషి మీద కాదు.

డిజైనర్లూ, మీరు కూడా అతన్ని గుర్తుపెట్టుకోండి. ఆ బండితో పదేళ్లు ఉండేది అతను. బండి ఆపి, తాళం తీసుకుని, నాలుగు అడుగులు వేశాక ఎవరైనా ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు. నేను తొమ్మిదేళ్లుగా చూసుకుంటున్నాను. ఇప్పటికీ తిరగకుండా పోలేను. అతను తిరిగి చూడడం మానేశాడు.

అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే బండి ఇంకా మట్టి నమూనాగా ఉన్నప్పుడే పాత మోడల్ నడిపేవాళ్లను పది మందిని లోపలికి పిలవండి. రహస్యం బయటపెట్టబోమని కాగితం మీద సంతకం చేయించుకోండి, సంతోషంగా చేస్తాం. స్క్రీన్ మీద బొమ్మ కాకుండా, ఆరుబయట ఎండలో, మామూలు నలుపు రంగులో పెట్టి చూపించండి. అద్దాలు, ప్లేటు, ఇండికేటర్లు బిగించే ఉంచండి. మీద ఒక మనిషిని కూర్చోబెట్టండి. అప్పుడు మేము ఒక్కో ప్యానెల్ మీద చెయ్యి వేసి, ఇది ఏం పని చేస్తుంది అని అడుగుతాం. జవాబు ఉన్నవాటిని, అవి ఎంత వింతగా ఉన్నా, మేమే బయటికొచ్చి సమర్థిస్తాం. జవాబు లేనిదాన్ని విప్పి పక్కన పెట్టి, కింద ఏముందో ఒకసారి చూడండి.

ఇప్పటికే అమ్మిన బండి విషయంలో ఒక పని ఇంకా చేయొచ్చు. ఆ రెక్కల బదులు బిగించుకునే చిన్న కవర్లు, వైరింగ్, పైపులు దాగేంత మాత్రం ఉన్నవి, విడిగా అమ్మండి. స్క్రూలు బిగించే చోట్లు ఎలాగూ ఉన్నాయి, మేము విప్పి చూశాం కదా. వాటిని తెస్తే మొదటి జత కొని ఆ కుర్రాడికి ఇచ్చేది నేనే. బిగించడానికి అరగంట కూడా పట్టదు, నాలుగు స్క్రూలు, రెండు క్లిప్పులే.

ఇట్లు,
తొమ్మిదేళ్ల పాత బండి మీదే ఇంకా తిరుగుతున్న ఒక రైడర్